ఘాటు రోడ్డు దిగుతుంటే హీటర్ చల్లబడిపోతోంది (సుంకి దారి, పాత డీజిల్ బండి)

సెమిలిగుడ_మంచు
పదకొండేళ్ళ డీజిల్ హ్యాచ్‌బ్యాక్. మొన్న మే నెలలో విజయనగరం వైపు నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఈ బండితో ఇదే మొదటి చలికాలం. ఇక్కడ ఒడిశా కొరాపుట్ కొండల మీద, సెమిలిగుడలో, తెల్లవారుజామున ఐదారు డిగ్రీలు ఉంటోంది. నాబ్ చివరిదాకా ఎర్ర గీత వైపు తిప్పి, ఫ్యాను మూడులో పెట్టినా వచ్చేది గోరువెచ్చటి గాలే. పొట్టంగి దాటి సుంకి ఘాటు దిగడం మొదలెట్టేసరికి అది కూడా పోయి పచ్చి చల్లగాలి వస్తోంది. అద్దం లోపలంతా ఆవిరి. ఒక చేత్తో స్టీరింగ్, ఒక చేత్తో గుడ్డ.

ఆదివారం మా అత్తగారిని విజయనగరంలో రైలెక్కించడానికి నాలుగింటికి బయల్దేరాం. మంకీ క్యాపు, రగ్గు, కాళ్ళకి సాక్సులు, అన్నీ వేసుకుని కూర్చున్నారు. సగం ఘాటు దిగాక మెల్లిగా అడిగారు, "ఈ చలిలో ఏసీ ఎందుకేశావు బాబూ?" అని. హీటర్ అని చెప్పడానికి నోరు రాలేదు. సంక్రాంతికి మళ్ళీ వస్తారు. ఈలోపు దారి చూపించండి.

జయపురం_బుల్లోడు
గ్యాస్ అయిపోయుంటుంది. నింపించెయ్.

దమన్‌జోడి_స్పానర్
గ్యాస్ ఏసీకి బుల్లోడా, హీటర్‌కి కాదు. ఆయన్ని తీసుకెళ్ళి రెండు వేలు ఖర్చు పెట్టిస్తావు.

మంచు గారూ, కారు హీటర్ అంటే వేరే పొయ్యి ఏమీ లేదు. ఇంజను వేడిని మోసుకొచ్చే కూలెంటులో కొంత డాష్‌బోర్డు వెనకున్న చిన్న రేడియేటర్‌లోంచి తిరుగుతుంది. మెకానిక్కులు దాన్నే హీటర్ కాయిల్ అంటారు. దాని మీదుగా బ్లోయర్ గాలి ఊదుతుంది. అంతే. కాబట్టి నీళ్ళు వేడెక్కకపోవాలి, లేదా వేడి నీళ్ళు కాయిల్‌దాకా రాకపోవాలి, లేదా కాయిల్ వేడిగానే ఉన్నా గాలి దాని మీంచి పోకపోవాలి. ముందు ఇది చెప్పండి: డాష్‌లో టెంపరేచర్ ముల్లు ఎక్కడుంటోంది? కూలెంట్ డబ్బాలో మట్టం ఎంత? ఆపిన బండిలో రేజ్ చేస్తే గాలి వేడెక్కుతోందా?

జయపురం_బుల్లోడు
సరే, నాకు తెలిసింది చెప్పాను. తిట్టకండి.

సాలూరు_లారీ
ఇవన్నీ ఎందుకు. రేడియేటర్ ముందు అట్ట పెట్టు. మా లారీలు చలికాలం కొండెక్కేటప్పుడు గోనెసంచి కడతాయి. పది నిమిషాల్లో కేబిన్ వెచ్చబడుతుంది. పైసా ఖర్చు లేదు.

దమన్‌జోడి_స్పానర్
లారీ అన్నా, మీ కాలం లారీ వేరు, ఈయన కారు వేరు. ఘాటు దిగేటప్పుడు అట్ట బాగానే ఉంటుంది. తిరుగు ప్రయాణంలో సుంకి నుంచి పైకి రెండో గేరులో ఎక్కేటప్పుడు దాన్ని తియ్యడం మర్చిపోతే హెడ్ గ్యాస్కెట్‌కి (ఇంజను తల కింద ఉండే సీలుకి) గండం. ఏసీ కండెన్సర్‌కీ గాలి తగలదు. అసలు అట్ట పెడితేనే బండి వేడెక్కుతోందంటే రోగం వేరే చోట ఉన్నట్టు.

సాలూరు_లారీ
ముప్పై ఏళ్ళుగా కడుతున్నాం. ఒక్క గ్యాస్కెట్ పోలేదు.

రాయగడ_టీచరమ్మ
మాకు అద్దం సమస్యే ఎక్కువ. మంచు గారూ, ఆవిరికి మాత్రం గుడ్డ వద్దు. హీటర్‌తోపాటు ఏసీ బటన్ కూడా నొక్కండి. గాలి లోపలే తిరిగే బటన్ ఆపేసి, బయటి గాలి వచ్చేలా పెట్టి, అద్దం వైపు తిప్పండి. ఏసీ గాలిలో తేమ లాగేస్తుంది, నిమిషంలో తేటపడుతుంది. ఇది తెలియక నేను మూడేళ్ళు దుపట్టా కొంగుతో తుడిచాను.

జయపురం_బుల్లోడు
అంటే అత్తగారు అడిగినట్టు ఏసీ వెయ్యాల్సిందేనన్నమాట. ఆవిడే కరెక్టు.

సెమిలిగుడ_మంచు
బుల్లోడూ, ఈ మాట ఆవిడ చెవిన పడనివ్వకు.

స్పానర్ గారూ, చూశాను. డబ్బాలో కూలెంట్ రెండు గీతల మధ్యే ఉంది. నిలబెట్టి రేజ్ చేస్తే తేడా పెద్దగా లేదు. ముల్లు మాత్రం ఎప్పుడూ సగానికి చేరదు, కింద పావు దగ్గరే ఉంటుంది. బండి చల్లగా ఉంది, మంచిదేగా అనుకున్నాను. ఇంకోటి, తిరుగు ప్రయాణంలో ఘాటు ఎక్కేటప్పుడు గాలి కాస్త నయం. పైకొచ్చి చదును రోడ్డు అందుకోగానే మళ్ళీ మామూలే.

పర్లాకిమిడి_పంతులు
ముల్లు పావు దగ్గర ఉండుట మంచిది కాదు. ఎక్కునపుడు వెచ్చన, దిగునపుడు చల్లన అన్నారు. ఇదే అసలు లక్షణం. ఎక్కేటప్పుడు ఇంజను కష్టపడుతుంది, ఇంధనం ఎక్కువ కాలుతుంది, వేడి పుడుతుంది. దిగేటప్పుడు కాలు యాక్సిలరేటర్ మీద లేదు, డీజిల్ దాదాపు కాలడం లేదు, ఎదురుగాలి మాత్రం రేడియేటర్‌ను చల్లారుస్తూనే ఉంది. థర్మోస్టాట్ సరిగ్గా ఉంటే నీళ్ళు చల్లబడగానే రేడియేటర్ దారి మూసేస్తుంది. మీ బండిలో ఆ తలుపు మూసుకోవడం లేదు.

జయపురం_బుల్లోడు
మాస్టారూ, "ఉండుట", "ఎక్కునపుడు" ఏంటి? గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఉండి గ్రాంథికమా?

పర్లాకిమిడి_పంతులు
పొరపాటు నాయనా. కూలెంట్ అని రాస్తున్నా, ఇంకేం కావాలి. రిటైరయ్యేదాకా ఫిజిక్సు చెప్పాను, తెలుగు కాదు.

గుణుపురం_గేరు
థర్మోస్టాట్ అని అప్పుడే తేల్చేయకండి. నాకూ ముల్లు కిందే ఉండేది, తీరా చూస్తే సెన్సార్ తప్పు చెబుతోంది. స్టీరింగ్ కింద పోర్టుకి పెట్టే ఓబీడీ డాంగిల్ ఉంటుంది, ఫోన్‌లో డిగ్రీలు కనిపిస్తాయి. అది కూడా ఆ సెన్సార్ అంకెలే చూపిస్తుంది గనుక దానితోపాటు చేత్తో కూడా చూడాలి. ఇంజను చల్లగా ఉండగా స్టార్ట్ చేసి రేడియేటర్ పై హోస్ పట్టుకో. థర్మోస్టాట్ బాగుంటే ఇంజను వేడెక్కేదాకా అది చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా కాలుతుంది. మొదటి నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడుతూ వస్తుంటే తలుపు తెరిచే ఉందని అర్థం. ఫ్యాను, బెల్టు దగ్గర చెయ్యి జాగ్రత్త.

దమన్‌జోడి_స్పానర్
ఇది మంచి పరీక్ష. దాంతోపాటు ఇంజనుకీ డాష్‌కీ మధ్య గోడలోంచి లోపలికి పోయే రెండు సన్న హోసులు కూడా. బాగా తిరిగొచ్చాక ఇంజను ఆపి ముట్టుకోండి. రెండూ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉండి లోపల గాలి చల్లగా వస్తే, తప్పు గాలి దారిలో ఉంది: ఫ్లాపో, కేబులో. ఒకటి కాలుతూ రెండోది చల్లగా ఉంటే కాయిల్ మూసుకుపోయింది. రెండూ గోరువెచ్చగా ఉంటే ఇంజనే వేడెక్కడం లేదు.

బరంపురం_బావ
నా పాత వ్యానుది కేబులే. నాబ్ తిప్పితే లోపల ఏమీ కదలదు, కేబుల్ క్లిప్పు ఊడిపోయింది. మెకానిక్ డాష్ మొత్తం విప్పాలన్నాడు. మా అబ్బాయి గ్లోవ్ బాక్సు తీసి, చెయ్యి దూర్చి, కరెంటు తీగతో కట్టాడు. నాలుగేళ్ళయింది. తీగ అలాగే ఉంది, వ్యానే అమ్మేశాం.

పొట్టంగి_బైరాగి
నాది ఇంకా అన్యాయం. హీటర్ వేడిగానే ఉంది, గాలే రాదు. ఫ్యాను నాలుగులో పెట్టినా పిల్లి ఊదినట్టు. కేబిన్ ఫిల్టర్ మారుద్దామని తీస్తే ఎలుక గూడు. పాత గుడ్డపీలికలు, కొబ్బరి పీచు, అరకేజీ దాకా చోళ్ళు (రాగులు). కార్తీకంలో కోత అయ్యాక బండి కళ్ళంలో పెట్టాను, అప్పుడే మోసుకొచ్చి ఉంటాయి. అంబలి కాసుకోవచ్చు.

జయపురం_బుల్లోడు
వేడి హీటరూ ఉంది, చోళ్ళూ ఉన్నాయి. అంబలి బండిలోనే కాయొచ్చు 😄

రాయగడ_టీచరమ్మ
పనిలో పనిగా నాదీ చెప్తాను. పెట్రోల్ బండి. హీటర్ వేస్తే అద్దం మీద జిడ్డు పొరలా పడుతోంది, తుడిస్తే ఇంకా మసకేస్తోంది. ఏదో తీపి వాసన. పక్క సీటు కింద మ్యాటు తడిగా ఉంటోంది. వాన నీళ్ళనుకున్నా, కానీ వానలు పోయి రెండు నెలలైంది.

దమన్‌జోడి_స్పానర్
టీచర్ గారూ, అది హీటర్ కాయిల్ లీకు. తీపి వాసన కూలెంట్‌ది, అద్దం మీద జిడ్డూ అదే. దాన్ని పీలుస్తూ తిరగొద్దు. కూలెంట్ మట్టం రోజూ చూసుకోండి, అయిపోతే ఇంజను పోతుంది. మ్యాటు మీద తడిని పిల్లలు గానీ కుక్క గానీ ముట్టుకోకుండా చూడండి, అది విషం. కాయిల్ మార్చాలంటే చాలా బళ్ళలో డాష్ విప్పాల్సిందే.

రాయగడ_టీచరమ్మ
ఇక్కడ ఒకాయన ఆ రెండు పైపుల్నీ బయటే కలిపేస్తానన్నాడు. అరగంట పనట.

గుణుపురం_గేరు
కలిపితే లీకు ఆగుతుంది, బండి నడుస్తుంది, హీటర్ ఉండదు. డాష్ విప్పేదాకా తాత్కాలికంగా పర్వాలేదు. కానీ మనవైపు "తాత్కాలికం" అంటే బండి అమ్మేదాకా. కొన్నవాడికి చలికాలంలో తెలుస్తుంది.

సాలూరు_లారీ
చలిగా ఉందని కొందరు డ్రైవర్లు కేబిన్‌లో కుంపటి కూడా పెట్టుకుంటారు. ఆగి ఉన్నప్పుడు బాగానే ఉంటుంది.

పర్లాకిమిడి_పంతులు
లారీ బాబూ, ఆ మాట ఇక్కడ రాయొద్దు. ఎవరైనా చదివి చేస్తారు. బొగ్గు కుంపటి నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట అది కూర్చుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత నిద్ర, ఆ నిద్రలోంచి లేవరు. అద్దం ఒక అంగుళం దించాం కదా అనుకోవద్దు. ఇంజను ఆన్‌లో పెట్టి, హీటర్ వేసుకుని మూసిన షెడ్డులో పడుకోవడం కూడా అంతే.

సాలూరు_లారీ
మాస్టారు చెప్పింది నిజం. నేను చేశానని కాదు, చూశానని రాశాను. ఆ పోస్టు తీసేస్తాను. (ఎలా తియ్యాలో తెలియడం లేదు.)

సెమిలిగుడ_మంచు
గేరు గారి డాంగిల్ ఇక్కడ ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికింది. ఈరోజు మళ్ళీ అదే దారిలో వెళ్ళొచ్చాను. మా ఆవిడ పక్కన కూర్చుని అంకెలు రాసింది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు 9 డిగ్రీలు. పావుగంట తర్వాత 66. పొట్టంగి దగ్గర చదునులో 61. ఘాటు దిగుతుంటే 52 దాకా పడింది. తిరిగి ఎక్కేటప్పుడు 79, పైకి రాగానే మళ్ళీ 60ల్లోకి. రేడియేటర్ పై హోస్ మొదటి నుంచే వెచ్చబడుతోంది. సన్న హోసులు రెండూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. ఫోన్‌లో పీ0128 అని ఒక కోడ్ కూడా చూపిస్తోంది.

దమన్‌జోడి_స్పానర్
ఇంకేం కావాలి. ఆ కోడ్‌కి అర్థమే అది: కూలెంట్ వేడి థర్మోస్టాట్ పనిచేసే స్థాయికి చేరడం లేదని. మామూలుగా 82 నుంచి 88 మధ్య తెరుచుకునే వాల్వు మీది. తెరిచే ఉండిపోయింది. మార్చండి. చిన్న సామాను.

పర్లాకిమిడి_పంతులు
అందులో మైనం గోళీ ఉంటుంది. వేడికి కరిగి ఉబ్బి వాల్వును తోస్తుంది, చల్లబడితే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. తీశాక పాతదాన్ని గిన్నెలో నీళ్ళు పోసి స్టవ్ మీద పెట్టి చూడండి, ఎప్పుడు తెరుచుకుంటుందో కళ్ళారా కనిపిస్తుంది. పిల్లలకి ఇదే చూపించేవాణ్ణి. వంట గిన్నె మాత్రం వాడొద్దు.

సెమిలిగుడ_మంచు
అందరూ కూర్చున్నారా?

ఇవాళ ఇక్కడి మెకానిక్ హౌసింగ్ విప్పాడు. థర్మోస్టాట్ తెరిచి ఉండిపోలేదు. అసలు థర్మోస్టాటే లేదు! ఖాళీ గూడు. నాకు అప్పుడు గుర్తొచ్చింది. కొన్న నెలకే, జూన్‌లో, మైదానంలో ఎండకి బండి వేడెక్కి ఆగిపోతే రోడ్డు పక్క షెడ్డులో చూపించాను. "లోపల చిన్న వాల్వు అడ్డంగా ఉంది సార్, తీసేశాను, ఇక జన్మలో వేడెక్కదు" అని మూడొందలు తీసుకున్నాడు. నేను దండం పెట్టి వచ్చాను.

జయపురం_బుల్లోడు
మాట నిలబెట్టుకున్నాడు. జన్మలో వేడెక్కలేదు.

బరంపురం_బావ
😂😂

సాలూరు_లారీ
ఆ షెడ్డు వాణ్ణి అంత తక్కువ చేసి చూడకండి. మే నెలలో కింద ఎండలు మీ కొండ మీదోళ్ళకి తెలియవు. బండి నడిరోడ్డు మీద ఆగితే, కొత్త వాల్వు ఊళ్ళో లేకపోతే, తీసేసి పంపడమే దారి. వాడు తీశాడు గనక ఈయన ఇల్లు చేరాడు.

దమన్‌జోడి_స్పానర్
ఆరోజుకి సరే అన్నా, ఒప్పుకుంటాను. కానీ "కొత్తది వేయించుకో" అని ఒక్క మాట చెప్పాలిగా? ఇంజను ఎప్పుడూ చల్లగా తిరిగితే డీజిల్ ఎక్కువ తాగుతుంది, ఆయిల్ తొందరగా పాడవుతుంది, అరుగుదల పెరుగుతుంది. మంచు గారూ, మైలేజీ తగ్గిందా లేదా?

సెమిలిగుడ_మంచు
తగ్గింది. కొండ రోడ్డు కదా అనుకున్నాను.

పర్లాకిమిడి_పంతులు
పైగా అది తీసేస్తే వేడెక్కదన్నది కూడా అన్ని ఇంజన్లకీ నిజం కాదు. కొన్నిట్లో థర్మోస్టాట్‌కి కింద రెండో బిళ్ళ ఉంటుంది. పైది రేడియేటర్ దారి తెరుస్తుంటే కిందది అడ్డదారి మూస్తుంది. మొత్తం పీకేస్తే అడ్డదారి తెరిచే ఉండి, కొన్ని నీళ్ళు రేడియేటర్‌కి పోకుండా ఇంజనులోనే గిర్రున తిరుగుతాయి. చలికాలంలో చల్లగా, ఎండాకాలంలో లోడు మీద వేడిగా. రెండు విధాలా చెడ్డ.

సాలూరు_లారీ
ఈ రెండో బిళ్ళ సంగతి నాకు తెలియదు మాస్టారూ. మా వాళ్ళకి చెప్తాను.

గుణుపురం_గేరు
అన్నట్టు జూన్‌లో ఎందుకు వేడెక్కిందో ఎవరూ అడగలేదు. వాల్వు పీకి రోగం దాచారు. రేడియేటర్‌లో ఏం పోస్తున్నారు?

సెమిలిగుడ_మంచు
షెడ్డులో బోరు నీళ్ళు పోశారు. ఇప్పుడు డబ్బాలో ఉన్నది పైకి ఆకుపచ్చగానే ఉంది. కానీ హౌసింగ్ విప్పితే తుప్పు రంగు నీళ్ళు కారాయి.

గుణుపురం_గేరు
అదీ సంగతి. బోరు నీళ్ళలో సున్నం రేడియేటర్‌లోనూ కాయిల్‌లోనూ పేరుకుంటుంది. థర్మోస్టాట్ ఒక్కటి వేసి ఊరుకుంటే మళ్ళీ మే నెలలో అదే రోడ్డు పక్కన నిలబడతారు. మొత్తం వంచేసి, శుభ్రమైన నీళ్ళు వచ్చేదాకా ఫ్లష్ చేసి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయించండి. రేడియేటర్ మూత కూడా మార్చండి, అది నూట యాభై రూపాయల పని.

పర్లాకిమిడి_పంతులు
మూత ముఖ్యం. మీ ఊరు సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ మూత లేని గిన్నెలో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. మూత బిగువుగా ఉండి ఒత్తిడి నిలిస్తేనే రేడియేటర్‌లో నీళ్ళు నూరు దాటినా మరగకుండా ఉంటాయి. అందుకే వేడి మీద మూత తియ్యొద్దనేది. మొహం మీదికి చిమ్ముతుంది.

సెమిలిగుడ_మంచు
థర్మోస్టాట్ విశాఖ నుంచి తెప్పించాను, సామాను 850. ఫ్లష్ చేసి కొత్త కూలెంట్ పోశారు. ఆనందంగా హీటర్ వేస్తే, ముల్లు సగానికి వచ్చింది గానీ గాలి పచ్చి చల్లగా ఉంది. ముందు గోరువెచ్చగానైనా వచ్చేది! డాష్ వెనక బుడబుడమని చప్పుడు. టెన్షన్ మొదలైంది.

దమన్‌జోడి_స్పానర్
టెన్షన్ వద్దు, గాలి పట్టింది. కూలెంట్ మార్చాక మామూలే. కాయిల్‌లో గాలి బుడగ కూర్చుంటే నీళ్ళు దాటలేవు. బండి పూర్తిగా చల్లారాక, ముందు భాగం ఎత్తుగా ఉండేలా నిలపండి. సెమిలిగుడలో ఎత్తు వెతుక్కోవాలా. మూత తీసి, హీటర్ నాబ్ పూర్తి వేడికి పెట్టి స్టార్ట్ చేయండి. పై హోసును మెల్లిగా నొక్కుతూ వదులుతూ ఉంటే బుడగలు పైకి వస్తాయి. మట్టం దిగితే పోస్తూ ఉండండి. ఇంజను బాగా వేడెక్కకముందే మూత పెట్టేయండి. మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మళ్ళీ మట్టం చూడండి. రెండు మూడు సార్లు చేసినా బుడగలు ఆగకపోతే అప్పుడు రండి, హెడ్ గ్యాస్కెట్ సంగతి మాట్లాడుకుందాం.

జయపురం_బుల్లోడు
నాకేమో బండికి వాయువు పట్టినట్టుంది. వాము నీళ్ళు పొయ్యి.

సెమిలిగుడ_మంచు
రెండోసారికే పోయింది. మా వీధి ఎత్తులోనే నిలిపాను, పక్కింటివాళ్ళు బండికి పూజ అనుకుని వచ్చారు.

ఇవాళ్టి అంకెలు: పది నిమిషాల్లో 80 దాటింది. చదునులో 88 దగ్గర కదలకుండా నిలబడింది. సుంకి దిగుతుంటే 84. ఫ్యాను రెండులో పెడితేనే స్వెట్టర్ విప్పాల్సి వచ్చింది. అద్దం తేట. లారీ అన్నా, అట్ట అవసరం లేదు.

సాలూరు_లారీ
మంచిది. 1936లో మీరు మమ్మల్ని వదిలి ఒడిశాకి వెళ్ళిపోయారు గానీ బండి పాడైతే ఇంకా కిందకే చూస్తారు. ఈసారి మే నెలలో ఆగితే సాలూరు రండి. వాల్వు పీకకుండా చూసే బాధ్యత నాది.

సెమిలిగుడ_మంచు
వస్తాను. అత్తగారు నిన్న దిగారు. ఘాటు ఎక్కుతుంటే రగ్గు తీసేశారు, సగంలో మంకీ క్యాపు తీసేశారు. పొట్టంగి దగ్గర, "ఉక్కగా ఉంది బాబూ, కాస్త ఏసీ వెయ్యవూ" అన్నారు.

బరంపురం_బావ
😂 ఏసీలో గ్యాస్ ఉందా మరి?

జయపురం_బుల్లోడు
నేను మొదటి రోజే చెప్పాను, నింపించమని.

రాయగడ_టీచరమ్మ
నాది డాష్ విప్పించాను. కాయిల్ కొత్తది, జిడ్డు లేదు, వాసన లేదు, మ్యాటు ఎండింది. కానీ మొత్తం బిగించాక నాలుగు స్క్రూలు మిగిలాయని చిన్న కవర్లో పెట్టి నా చేతికిచ్చాడు. "అవి ఎక్స్‌ట్రా మేడమ్" అన్నాడు. ఏం చెయ్యను?

దమన్‌జోడి_స్పానర్
దాచండి. గతుకుల్లో గలగల మొదలయ్యాక ఎక్కడివో తెలుస్తాయి.